ముందు వరుసలో కుర్చీ

దేవరయాంజాల్, 2004, ఆదివారం రాత్రి

నా బిడ్డ సుజాత పాటల బృందంతో ఇంగ్లండు సముద్రపు ఒడ్డు ఊళ్ళకు పోతోంది! సంతోషంతో నాకు అన్నమే సహించలేదు. అక్కడ ఒక్కొక్కరికి ఒక్కో ఇంట్లో బస అట. సుజాతకు ముసలి దంపతుల ఇల్లు వచ్చిందట.

"ఆ పెద్దాయన్ని ఏమని పిలుస్తవ్ బిడ్డా?" అన్నాను.

"ఆడ పేరు పెట్టే పిలుస్తరంట నాయినా."

"ఛీ, పెద్దమనిషిని పేరు పెట్టి పిలుస్తరా? తాతా అను."

"సరే తీ, తాతా అంట. నాయినా అంటనని పరేషాన్ అయితున్నవా ఏంది?" అని నవ్వింది.

నేనూ నవ్వాను. కానీ నా భయం అదే. చనిపోయిన వాళ్ళమ్మ వరి నాట్లు వేస్తూ పాడిన నాటు పాటను సుజాత అక్కడ ఒక్కతే పాడుతుంది. ముందు వరుసలో, బస ఇచ్చిన ఆ పెద్దాయన కూర్చుంటాడట. ఆ కుర్చీలో నేనుంటే ఎంత బాగుండు... ఆయన గట్టిగా చప్పట్లు కొట్టాలి దేవుడా, నా వంతు కూడా.