ఏడుపు కంటి లెక్కలో వెయ్యొద్దు

చిన్నీ, నేను బాగానే ఉన్నాను. నన్ను తీసుకుపోవడానికి అల్లుడిగారిని పంపకు.

నిన్న కంటాసుపత్రికి వెళ్ళాను. చూపు తగ్గినవాళ్ళ బతుకు ఎలా ఉందో లెక్క కట్టాలట, ఒక పిల్ల కూచోబెట్టి ప్రశ్నలడిగింది. మెట్లు దిగగలరా, సూదిలో దారం ఎక్కించగలరా అంటే ఉన్నదున్నట్టు చెప్పాను. ఆఖర్న, "చూపు తగ్గినందుకు ఏడుపొస్తుంటుందా అమ్మా?" అంది.

"ఏడుస్తాను. మా పెద్దమ్మాయి పోయింది తల్లీ, అందుకు. కళ్ళు నిక్షేపంగా ఉన్నా ఏడుస్తాను."

"ఎంత ఏడుస్తారో రాసుకుంటానండీ. ఎందుకో రాయడానికి ఇక్కడ చోటు లేదు."

"అయితే ఖాళీగా వదిలెయ్. నా బిడ్డ కోసం ఏడ్చేది కంటి జబ్బు కింద రాస్తే ఊరుకోను" అని దాని పెన్ను గట్టిగా పట్టుకున్నాను. నవ్విందో జడిసిందో గానీ, ఆ గడి ఖాళీగానే వదిలేసింది.

నువ్వు చేస్తున్నదీ అదే. అమ్మ కళ్ళు కనబడక దిగులుపడుతోంది, మనింటికి తెచ్చేసుకుందాం అంటున్నావట. అక్క నడిపిన టైలరింగు కొట్టు మూసి నేను రాను. గుండీలు వేళ్ళతో తడిమి కుడుతున్నాను, ఇంతవరకూ ఎవరూ వంక పెట్టలేదు.

పిల్లాడికి దగ్గు తగ్గిందా? పెద్ద బెజ్జం ఉన్న సూదులు పంపు. నీ దగ్గరున్న అక్క ఫొటో పెద్దది చేయించి పంపు. నా దగ్గరున్న చిన్న ఫొటోలో దాని ముఖం నా కంటికి ఆనడం లేదు. చూపు తగ్గి మీకు కష్టమేమిటని ఆ పిల్ల మళ్ళీ అడిగితే, ఆ ఒక్కటీ రాసుకోమంటాను.

నువ్వూ నీ ఇల్లూ చల్లగా ఉండాలి.

అమ్మ