బొగ్గుగాడి గురించి

తమ్ముడూ,

నేను ఆసుపత్రికి, డ్యూటీకి వెళ్తున్నాను. బొగ్గుగాడు వెనక గదిలో ఉన్నాడు. మూతికి చిక్కం తగిలించకుండా బయటికి వదలకు. వాడు కరిచిన చేతిని అమ్మ తడుపుకోకుండా చూడు. కట్టు నేనొచ్చి మారుస్తాను.

పశువుల డాక్టరు సాయంత్రంలోగా ఏదో ఒకటి చెప్పమన్నారు. మందులు వాడాం, కుక్కలకు నేర్పించేవాడి దగ్గర వదిలాం, అయినా అన్నం పెట్టే చేతినే కరిచాడు. ఎవరికైనా ఇచ్చేద్దామంటే, "వాళ్ల పిల్లల్ని కరిస్తే ఏం చేస్తారమ్మా?" అని ఆయన అడిగారు. ఇంజెక్షన్ ఇస్తే నిద్రలోనే పోతాడట, నొప్పి తెలియదట. అమ్మేమో కట్టు కట్టిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని, "వాడికేదో భయం పట్టుకుందే, కావాలని చేయలేదు" అంటోంది. నాకు ఎటూ పాలుపోవడం లేదు.

నువ్వు మాత్రం "నువ్వే తేల్చక్కా" అని ముసుగుతన్ని పడుకున్నావు. వాణ్ణి చొక్కాలో దాచి ఇంటికి తెచ్చింది నువ్వే కదరా. ఈ ఒక్కసారికి నీ మనసులో ఏముందో చెప్పు. డాక్టరుకు ఫోన్ చేయకు. నేనొచ్చాక ఇద్దరం కలిసి చేద్దాం.

పొద్దున వాడు నా వేళ్లు నాకాడు. కాసేపటికే అదే చేతిని చూసి గుర్రుమన్నాడు. ఇందులో మన బొగ్గుగాడు ఎవడో నాకు తెలియడం లేదు.

అక్క

ఇంకో మాట. మనం సరే అనుకున్నా, వాడు బండెక్కాలంటే నేనే పిలవాలి. ఇంకెవరు పిలిచినా రాడు. ఏమని పిలవనురా?