సోంబారి ఆపేసిన మాత్రలు

శుక్రవారం

సోంబారిని ఈరోజు మధ్యాహ్నం పాతిపెట్టారు. నాకు ఏడుపు రాలేదు. ఇంటికొచ్చి యూనిఫాం ఉతుక్కున్నాను, అన్నం తిన్నాను. రుచి తెలియలేదు.

ఆమెకు టీబీ. ఆరు నెలలు మాత్రలు వేసుకుంటే తగ్గిపోయేదే. ఈ ఊళ్ల నర్సుగా నేనే ప్రతి నెలా ఇచ్చేదాన్ని. రెండో నెలలో సంతకు ఒకడు మిషన్ తెచ్చాడు. దాని రాడ్ పట్టుకుంటే ఒంట్లో రోగాలన్నీ తెర మీద కనిపిస్తాయన్నాడు. సోంబారి ఊపిరితిత్తులు బాగున్నాయని చెప్పి, అయస్కాంతం నీళ్ల సీసా అమ్మాడు. నేనిచ్చినవి తీసుకుంటూనే ఆమె మాత్రలు వేసుకోవడం ఆపేసింది. నాకు తెలిసేసరికి నెత్తురు కక్కుతోంది.

పోయిన వారం సంతలో అందరి ముందూ ఆ రాడ్‌కు తడిగుడ్డ చుట్టాను. గుడ్డకు లివర్ బలహీనంగా ఉందని తెర మీద వచ్చింది. జనం నవ్వారు. వాడు మిషన్ సర్దుకుని బస్సెక్కేశాడు. గెలిచాననుకున్నాను.

ఈరోజు గోతి దగ్గర ఆమె భర్త భీమన్న అడిగాడు.

"సిస్టరమ్మా, ఆడు దాని పక్కన కూకుని గంటసేపు మాటాడినాడు. నువ్వు మాత్రలిచ్చి బేగి ఎల్లిపోయేదానివి. మాకేటి తెలుస్తాది, ఎవుల్ని నమ్మాలో?"

కోపంగా అడగలేదు. తెలుసుకుందామనే అడిగాడు. మాత్రలిచ్చే రోజున నాకు ఇంకా మూడు ఊళ్లు తిరగాల్సి ఉండేది. అది చెప్పబుద్ధి కాలేదు.

మాట్లాడుతూ భీమన్న రెండుసార్లు దగ్గాడు.

రేపు పొద్దున్నే కఫం పరీక్ష డబ్బా తీసుకుని వాళ్లింటికి వెళ్లాలి. వెళ్లగానే డబ్బా తీయకూడదు. ముందు కూర్చోవాలి.