పై గీత

మార్చి 4, సోమవారం

ఇవాళ్టి నుంచి రాస్తున్నాను. నోటితో చెబితే కక్షతో చెబుతున్నాడంటారు. రాసి పెట్టుకుంటే తేదీలతో సహా ఉంటుంది.

సంగతి ఇది. ఆస్పత్రి డయాలసిస్ వ్యాన్ కొత్తది, వచ్చి ఎనిమిది నెలలు. డీజిల్ బండి. పొద్దున ఆరు నుంచి ఒంటిగంట దాకా నేను, తర్వాత ఎనిమిది దాకా మా తోడల్లుడు. రోగుల్ని ఇళ్ళ దగ్గర ఎక్కించుకుని ఆస్పత్రిలో దించడం, ఆస్పత్రిలో ఎక్కించుకుని ఇళ్ళ దగ్గర దించడం. నాలుగు కిలోమీటర్లు, ఆగు. మూడు కిలోమీటర్లు, ఆగు. ఇదీ ఒక డ్రైవింగేనా? ఇరవయ్యేడేళ్ళు లాంగ్ రూట్‌లో అంబులెన్స్ నడిపినవాణ్ణి నేను. దాన్ని నా చేతిలోంచి లాగేయించింది మా తోడల్లుడే. అన్నయ్యకి చూపు తగ్గింది సార్, ఎదుటి బండి లైట్లు పడితే తడబడుతున్నాడు, అని సూపర్వైజర్‌తో చెప్పాడట. అక్కచెల్లెళ్ళని చేసుకున్నవాళ్ళం, ఒకే చోట పని చేసేవాళ్ళం. నా కడుపు మీద కొట్టడానికి వాడికి చెయ్యెలా వచ్చిందో. ఆరు నెలలుగా మాటల్లేవు.

ఇవాళ బానెట్ ఎత్తి ఆయిల్ పుల్ల తీసి చూశాను. ఆయిల్ కింది గీత దగ్గరే ఉంది. కొత్త బండి అప్పుడే ఆయిల్ తాగుతోందంటే దాన్ని ఎవరో చంపుతున్నారని అర్థం. నేనైతే కాదు.

మార్చి 7, గురువారం

అర లీటరు పోశాను.

ఆఫీసు రూలు వేరే. డ్రైవర్ పుల్ల తీసి చూడాలి, లాగ్‌బుక్‌లో రాయాలి, పోయడం మాత్రం మెకానిక్కే పోయాలి. అందుకే నా ఆయిల్ నేనే కొని సంచిలో పెట్టుకుని వెళ్ళాను. లాగ్‌బుక్‌లో నా గడి ఖాళీగా వదిలేశాను. రాస్తే పోసినందుకు నన్నే పట్టుకుంటారు.

డిపోలో అందరూ మా తోడల్లుణ్ణి రూల్స్ అంటారు. బండితో పాటు వచ్చిన పుస్తకాన్ని అట్ట నుంచి అట్ట దాకా చదివినవాడు లోకంలో వాడొక్కడే ఉంటాడు. చదివి ఏం లాభం, నడపడం రావాలిగా. ఎన్ని రోజులకి ఎంత తాగిందో ఇక్కడ రాసుకుని ఒక రోజు సూపర్వైజర్ ముందు పెడతాను. ఇదిగో మీ రూల్స్ బండిని చూసుకునే తీరు, అంటాను. నా లాంగ్ రూట్ నాకిచ్చేయండి, అంటాను.

మార్చి 12, మంగళవారం

మళ్ళీ అర లీటరు. పోయకముందూ కింది గీతే, పోశాకా కింది గీతే.

మార్చి 15, శుక్రవారం

ఈ కంపెనీ వాళ్ళకి గీతలు చెక్కడం కూడా చేతకాలేదు. వెంట్రుక మందాన రెండు గీతలు. పాత బళ్ళలో పుల్ల మీద గాడి వేలికి తగిలేది, కళ్ళు మూసుకుని చెప్పేవాణ్ణి. ఇప్పుడు పుల్లని వెలుతురుకి అటు తిప్పి ఇటు తిప్పి చివరికి అంచనా మీద చెప్పుకోవాల్సి వస్తోంది. డాష్‌బోర్డ్ మీద ఒక తెర ఉంది, ఆయిల్ ఓకే అని చూపిస్తుంది. తెర చెప్పే మాట నమ్మి బతికే రకం కాదు నేను.

మా ఆవిడ మళ్ళీ మొదలెట్టింది. గ్లాసులో పోయబోయి పక్కన పోశానట నీళ్ళు. కళ్ళ డాక్టర్ దగ్గరికి వెళ్దాం రండి అంది. మీ చెల్లెలి మొగుడు నేర్పించి పంపాడా అన్నాను. మొహం మాడ్చుకుని లోపలికెళ్ళింది. నాలుగు చుక్కలు ఒలికితే మనిషి గుడ్డివాడైపోతాడా?

మార్చి 20, బుధవారం

బండి అప్పజెబుతుంటే మెకానిక్ వచ్చాడు. ఆయిల్ పెరుగుతోందని రూల్స్ వారం నుంచి లాగ్‌బుక్‌లో రాస్తున్నాడట. పెరగడమేంటి, ఆయిలేమన్నా పసిపిల్లాడా పెరగడానికి, అన్నాను. వాడు నవ్వలేదు. కొత్త డీజిల్ బళ్ళు ఇంతే పెద్దాయనా, అన్నాడు. పొగ ఫిల్టర్‌లో పేరుకున్న మసిని బండి తనంతట తనే కాల్చుకుంటుందట. దానికి కొంచెం డీజిల్ ఎక్కువ వాడుకుంటుందట. చిన్న చిన్న ట్రిప్పులైతే కాల్చడం మధ్యలో ఆగిపోయి ఆ డీజిల్ ఆయిల్లోకి దిగుతుందట. వారానికొకసారైనా హైవే మీద ముప్పావుగంట ఆపకుండా నడపాలి, డయాలసిస్ వాళ్ళని పెట్టుకుని ఎక్కడికని నడుపుతాం, అన్నాడు.

ఈ బళ్ళలో ఆయిల్ తగ్గితే ఒక భయం, పెరిగితే పది భయాలట. పై గీత బాగా దాటిపోతే ఇంజన్ తన ఆయిల్ తనే పీల్చి మండించుకుంటుందట. అప్పుడు తాళం తీసినా ఆగదట.

ఇరవయ్యేడేళ్ళలో తాళం తీస్తే ఆగని బండిని నేను చూడలేదు.

మార్చి 21, గురువారం

ఆ మెకానిక్ వయసు నా సర్వీసంత కూడా లేదు.

మార్చి 26, మంగళవారం

ఇవాళ రూల్స్ నాతో మాట్లాడాడు. ఒంటిగంటకి తాళాలు బల్ల మీద పెట్టి వెళ్ళిపోతుంటే వెనక నుంచి అన్నయ్యా అని పిలిచాడు. వాడి నోట ఆ పిలుపు విని ఎన్నాళ్ళయిందో, కాళ్ళు వాటంతటవే ఆగాయి. ఏమనుకోకు, బండికి ఆయిలేమన్నా పోస్తున్నావా, అని అడిగాడు. నెమ్మదిగానే అడిగాడు. నాకు ఒళ్ళు మండింది. మీ రూల్స్ ప్రకారం పోయకూడదుగా, నేనెందుకు పోస్తాను, అన్నాను. నువ్వు పోయలేదంటే పోయలేదు, అన్నాడు. తర్వాత మెకానిక్ దగ్గరికెళ్ళి, ఎవరూ పోయలేదు, అన్నయ్యని అడిగాను, ఇది డీజిల్ దిగడమే, అని చెప్పడం నా చెవులతో విన్నాను.

అడిగినప్పుడు చెప్పేస్తే సరిపోయేదా? చెబితే ఇరవయ్యేడేళ్ళ డ్రైవర్‌ని వాడి ముందు దొంగలా నిలబడాలి. చెప్పలేదు.

మార్చి 29, శుక్రవారం

అర లీటరు.

ఏప్రిల్ 2, మంగళవారం

రేపు పొద్దున బండిని వర్క్‌షాపులో పెడుతున్నారు. ఉన్న ఆయిలంతా తీసేసి కొత్తది పోస్తారట. రూల్స్ పట్టుబట్టి చేయిస్తున్నాడు. లాగ్‌బుక్ నిండా వాడి రాతే, నా గడులు ఖాళీ. నెల రోజులుగా నేను పోసిందంతా పాత ఆయిల్ డ్రమ్ములో కలుస్తుంది. నా దగ్గర మిగిలేది ఈ పుస్తకమే.

ఏప్రిల్ 3, బుధవారం, మధ్యాహ్నం పన్నెండున్నర

దొరికారు.

పన్నెండింటికి బండి తెచ్చి డిపోలో పెట్టి వెళ్ళిపోయారు. ఆయిల్ మార్చాం, సరిగ్గా పై గీతకి పోశాం, అని చీటీ అంటించారు. నాకు నమ్మకం లేక, చదును నేల చూసి పెట్టి, పది నిమిషాలు ఆగి, వాళ్ళ పుస్తకంలో ఉన్నట్టే పుల్ల తీసి తుడిచి ముంచి చూశాను. తళతళా మెరుస్తోంది. ఒక్క చుక్క లేదు. మళ్ళీ తుడిచి మళ్ళీ ముంచాను. కడిగి ఆరబెట్టిన చెంచాలా ఉంది. పాతది తీశారు, కొత్తది పోయడం మర్చిపోయారు. నేను చూడకపోతే ఇంజన్ ఈపాటికి పట్టేసి ఉండేది.

సంచిలో మూడు లీటర్లున్నాయి. రెండు పోశాను. చూశాను. అప్పటికీ తళతళే. మూడోదీ పోశాను. ఇంక చూడలేదు, రూల్స్ గేటు దాటి వస్తున్నాడు. బానెట్ వేసి తాళాలు బల్ల మీద పెట్టేశాను.

రేపు పొద్దున ఈ పుస్తకం పట్టుకుని సూపర్వైజర్ గదికి వెళ్తాను.

ఏప్రిల్ 3, సాయంత్రం ఆరు

రాయాలని లేదు. అయినా రాస్తాను.

నాలుగింటికి ఫ్లైఓవర్ ఎక్కుతుండగా బండి దానంతటదే అరవడం మొదలెట్టిందట. బండిలో ముగ్గురు రోగులు. అందులో ఉన్న రిటైర్డ్ టీచరమ్మ ఆస్పత్రి వరండాలో కూర్చుని వచ్చినవాళ్ళందరికీ చెబుతోంది. యాక్సిలరేటర్ మీంచి కాలు తీశాడట, ఆగలేదట. పక్కకి తీసి బ్రేకు తొక్కి పట్టుకుని తాళం తిప్పి తీసేశాడట. తాళం చేతిలో ఉంది, ఇంజన్ అరుస్తూనే ఉందట. వెనక నుంచి తెల్లటి పొగ, రోడ్డంతా కమ్మేసిందట. ఇద్దర్ని చేతులు పట్టి దింపి గోడవారన నడిపించాడట. టీచరమ్మకి నడక రాదు. ఆవిణ్ణి ఎత్తుకొచ్చి గోడ పక్కన కూర్చోబెట్టి, వెనకొచ్చే బళ్ళకి కనబడాలని పొగలోకి పరిగెత్తాడట. లారీవాడికి కనబడలేదు.

ఆపరేషన్ జరుగుతోంది. మరదలు గోడకి ఆనుకుని నిలబడి ఉంది. మా ఆవిడ చెల్లెలి చెయ్యి వదలడం లేదు. నన్ను చూసి మరదలు, బావా, ఏం కాదు కదా, అంది. ఏం కాదమ్మా అన్నాను.

మూడు లీటర్లు.

ఏప్రిల్ 4, గురువారం

తెల్లవారుతుండగా పోయాడు.

ఏప్రిల్ 9, మంగళవారం

బండి కంపెనీ నుంచి ఇంజనీర్ వచ్చాడు. ఆయిల్ ఉండాల్సిన దానికంటే బాగా ఎక్కువుందని తేల్చాడు. డీజిల్ దిగి పెరిగింది కాదు, కొత్త ఆయిల్ పోసి నాలుగు గంటలే అయింది కాబట్టి ఎవరో పైన పోసిందే, అన్నాడు. మెకానిక్ తను గీత వరకే పోశానన్నాడు, చీటీ చూపించాడు, ఫోన్‌లో తీసిన ఫోటో కూడా చూపించాడు. ఫోటోని పెద్దది చేసి అందరూ చూశారు. కొత్త ఆయిల్ నీళ్ళలా ఉంటుంది, చూసే కళ్ళు ఉండాలి, అన్నాడు ఇంజనీర్. మామూలుగానే అన్నాడు. నా తల కొట్టేసినట్టయింది.

అంటే పుల్ల మీద ఆయిల్ ఉంది. ఆ రోజూ ఉంది, మార్చి 4నా సరిపడా ఉంది. బండి చుక్క కూడా తాగలేదు.

నేనే చంపాను. ఇంకో మాట లేదు దీనికి. ఒక్కసారైనా రాయాలని రాస్తున్నాను.

ఏప్రిల్ 12, శుక్రవారం

సూపర్వైజర్ గదిలో వాంగ్మూలం. లాగ్‌బుక్ తెరిచి పెట్టారు. ఆయిల్ గురించి రాసిందంతా రూల్స్ రాతే. మీరెప్పుడైనా బానెట్ ఎత్తారా పెద్దాయనా, అని అడిగారు. నా సంచిలో ఈ పుస్తకం ఉంది. తీసి బల్ల మీద పెడదామనే వెళ్ళాను. ఎత్తలేదు సార్, అన్నాను. అదే కాగితం మీద రాసి వేలుతో చోటు చూపించారు, సంతకం పెట్టాను.

అంతకంటే ఎక్కువసేపు పట్టలేదు.

ఏప్రిల్ 15, సోమవారం

తప్పు డ్రైవర్‌దేనని రాసేశారు. రూలుకి విరుద్ధంగా తనే ఆయిల్ పోసి రోగుల ప్రాణాల మీదికి తెచ్చాడట. ముగ్గుర్ని దింపింది కూడా ఆ రిపోర్టులో లేదు. మరదలికి ఆస్పత్రిలో ఇస్తామన్న ఉద్యోగం ఇక ఇవ్వరట.

సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాం. వాడి చొక్కాలు మడతపెట్టి మంచం మీద వరసగా పేర్చి ఉన్నాయి. మరదలు ఏడవలేదు. బావా, మీకు ఆయన సంగతి తెలుసు, ఆయన అలా చేసే మనిషేనా, అని అడిగింది. మా ఆవిడ కూడా నావైపు చూసింది. మనిషన్నాక పొరపాటు జరుగుతుందమ్మా, అన్నాను.

ఇంటికొచ్చాక మా ఆవిడ నా కంచం పెట్టి వెళ్ళి పడుకుంది.

ఏప్రిల్ 18, గురువారం

లాంగ్ రూట్ నాకే ఇచ్చారు. నడిపేవాళ్ళు లేరు మరి. సోమవారం నుంచి అంబులెన్స్. కళ్ళ సర్టిఫికెట్ కావాలన్నారు. క్యూలో నా ముందున్నవాడు బోర్డు మీది అక్షరాలు గట్టిగా చదివాడు, అవే నేనూ అప్పజెప్పాను. డాక్టర్ తలెత్తి కూడా చూడలేదు. స్టాంపు కొట్టి, ఈ వయసులో ఇంత చూపు అదృష్టం, అన్నాడు.

కావాలనుకున్నది చేతికొచ్చింది.

ఏప్రిల్ 20, శనివారం

పొగలోంచి అన్నయ్యా అని పిలుస్తున్నాడు. పగలే వినిపిస్తోంది.

ఏప్రిల్ 21, ఆదివారం

ఇది ఆయన రాత కాదు. నేను ఆయన భార్యని.

రేపటి డ్యూటీకి యూనిఫాం తీస్తుంటే బట్టల మధ్య ఈ పుస్తకం దొరికింది. మాటలు గీతలు తప్పి పోయాయి, కొన్ని చోట్ల రాసినదాని మీదే మళ్ళీ రాశారు. కూడబలుక్కుని మొత్తం చదివాను.

తర్వాత ఒక కాగితం మీద, నేనెప్పుడూ సరుకుల చీటీ రాసే అక్షరాల్లోనే రాశాను. అంతా చదివాను, పుస్తకం తీసుకుని చెల్లి దగ్గరికి వెళ్తున్నాను, అక్కణ్ణుంచి సూపర్వైజర్ దగ్గరికి, రేపు మీరు బండి ఎక్కరు, అని. తీసుకెళ్ళి ఆయన చేతికిచ్చాను. ఆయన కిటికీ దగ్గరికి జరిగి, కాగితాన్ని దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి, చాలాసేపు చూశారు. మడిచి జేబులో పెట్టుకున్నారు.

సరేలే, సాయంత్రం బజారుకెళ్ళినప్పుడు తెస్తాను, అన్నారు.