బేస్ డైరెక్టరీలో పోలిరాజు

11 డిసెంబర్ 2006, సోమవారం

మళ్ళీ పనిలోకి వెళ్ళాను. భవానీపూర్‌లో మా ఇంటి నుంచి రక్తదాతల సంఘం ఆఫీసు నడిచే దూరమే. మా సెక్రటరీ మృత్యుంజయ్ దా (దా అంటే బెంగాలీలో అన్న) రిటైరైన స్కూలు మాస్టారు. నా టేబుల్, కంప్యూటర్ తనే తుడిచి ఉంచారు. నా భర్త రఘురాం పోయిన సంగతి ఎత్తలేదు. టీ తెప్పించారు. తాగాను. చల్లారిపోయిందని గ్లాసు ఖాళీ అయ్యాక తెలిసింది.

12 డిసెంబర్

వంట చేయలేదు. చేయాలనీ అనిపించలేదు.

13 డిసెంబర్, మధ్యాహ్నం

దాతల వివరాలుండే సర్వర్ ఆగిపోయింది. డిస్క్ నిండిపోయిందని మెసేజ్ వస్తుంటే మృత్యుంజయ్ దా మా డేటాబేస్, పోస్ట్‌గ్రెస్, డేటా డైరెక్టరీ తెరిచారట. అందులో పీజీ ఎక్స్‌లాగ్ అనే డైరెక్టరీ చాలా చోటు తింటోంది. లాగ్ అంటే పాత రాతలే కదా అనుకుని లోపలి ఫైళ్ళన్నీ తీసేశారు. నేను పక్క గదిలోనే ఉన్నాను. నన్ను కదిలించడం ఇష్టం లేక అడగలేదన్నారు.

అవి పాత రాతలు కావు. ఏ మార్పైనా ముందు అక్కడ రాసుకున్నాకే వివరాల పట్టిక, అంటే టేబుల్, ఫైల్లోకి వెళ్తుంది. అవి లేకపోతే తను ఎక్కడ ఆగిందో డేటాబేస్‌కి తెలియదు. అందుకే లేవనంటోంది. ఈ మాట చెబితే దా కళ్ళజోడు తీసి చేతిలో పట్టుకుని అలా కూర్చుండిపోయారు. నాకు కోపం రావాల్సింది. రాలేదు.

బలవంతంగా లేపే టూల్ ఒకటుంది. కానీ దాంతో ఉన్న డేటా కూడా పాడైపోవచ్చు. ముందు మొత్తం కాపీ తీసుకోవాలి. కాపీకి వేరే డిస్క్ కావాలి. రేపు బంద్. చాందినీ చౌక్‌లో కంప్యూటర్ షాపు ఒక్కటీ తెరవరు. ఎల్లుండి చూద్దాం, అప్పటిదాకా ఎవరూ ముట్టుకోవద్దు అన్నాను.

14 డిసెంబర్, గురువారం, పొద్దున

రోడ్డు మీద క్రికెట్ ఆడుతున్నారు. బస్సుల్లేవు. దా ఫోన్ చేసి ఒక్కసారి రమ్మన్నారు.

ఒక హాస్పిటల్‌లో బాలింత. కాన్పయ్యాక రక్తస్రావం ఆగలేదు. ఆమెది బొంబాయి గ్రూప్. మామూలు పరీక్షలో ఓ గ్రూప్‌లాగే కనిపిస్తుంది, కానీ ఓ రక్తం ఎక్కిస్తే ప్రాణం తీస్తుంది. అదే గ్రూప్ కావాలి. ఊళ్ళో ఏ బ్లడ్ బ్యాంకులోనూ లేదట. మన లిస్టులో ఎవరైనా ఉన్నారా అని డాక్టరు అడుగుతున్నారు.

జూలైలో తీసిన బ్యాకప్ సీడీ వేరే కంప్యూటర్‌లో వేసి చూశాను. బొంబాయి గ్రూప్ ఒక్కరూ లేరు. మృత్యుంజయ్ దాకి మాత్రం ఒకతను గుర్తున్నాడు. ఆగస్టు క్యాంపులో రక్తమిచ్చినప్పుడు ఓ అని రాసుకున్నారు. దసరా పూజలయ్యాక పెద్ద ల్యాబ్ నుంచి బొంబాయి అని రిపోర్ట్ వచ్చింది. దా తనే టేబుల్లో మార్చి, ఆ కాగితం అతనికే పోస్ట్ చేశారు. పేరు గుర్తు లేదు. మీ తెలుగువాడే, ఓడల డాక్‌లో పని, అన్నారు.

అంటే ఆ పేరు ఆ లేవని డేటాబేస్‌లోనే ఉంది.

మధ్యాహ్నం

డేటా డైరెక్టరీలో బేస్ అని ఒక డైరెక్టరీ ఉంటుంది. దాని లోపల పేర్లుండవు, అన్నీ అంకెలే. ఒక్కో డేటాబేస్‌కి ఒక అంకె డైరెక్టరీ, అందులో ఒక్కో టేబుల్‌కి ఒక అంకె ఫైలు. ఏ అంకె ఏ టేబులో చెప్పేది డేటాబేస్. అది లేవదు.

అందుకని పెద్ద ఫైళ్ళ నుంచి మొదలుపెట్టాను. స్ట్రింగ్స్ అనే కమాండ్ ఉంది, ఏ ఫైల్లోనైనా చదవగలిగే అక్షరాలను ఏరి చూపిస్తుంది. చదవడమే, దేన్నీ మార్చదు. మొదటి ఫైల్లో అన్నీ తేదీలు. రెండోది క్యాంపుల పేర్లు. మూడోది తెరవగానే మనుషులు వచ్చారు. పేరు, వీధి, ఫోను, గ్రూపు, రిమార్కులు, ఒకరి వెనక ఒకరు గీతలు లేకుండా. దా నా కుర్చీ వెనక్కి వచ్చి నిలబడ్డారు.

కిందికి జరుపుతుంటే రఘురాం వచ్చాడు.

అతను పోయాక, నవంబర్‌లో, మా సంఘం నుంచే అతని పేరు మీద ఇంటికి కార్డు వచ్చింది, మళ్ళీ రక్తమిచ్చే సమయమైంది రండి అని. ఆరోజే ఆఫీసుకి వచ్చి అతని వరసను డిలీట్ చేసి వెళ్ళాను. కానీ డిలీట్ అంటే చెరపడం కాదు. ఈ వరస ఇక లేదు అని గుర్తు పెడుతుంది, అంతే. ఊడ్చి శుభ్రం చేసే వాక్యూమ్ కమాండ్ నడిపేదాకా అక్షరాలు అక్కడే ఉంటాయి. నేను నడపలేదు. నాకు తెలిసిన సంగతే. తెలిసీ తయారుగా లేను.

రిమార్కులు నేనెప్పుడూ చదవలేదు. అందులో దా రాసిన వాక్యం: సూదంటే భయం, ముఖం అటు తిప్పి కూర్చోబెట్టి ఏదైనా మాట్లాడుతూ ఉండాలి.

ఇంటికొచ్చి రక్తమివ్వడం దోమ కుట్టినంత అనేవాడు.

దా ఫ్యాన్ వైపు చూస్తున్నారు. నేను కిందికి జరిపాను.

పోలిరాజు రెండుసార్లు ఉన్నాడు. ఒకచోట ఓ, ఇంకోచోట బొంబాయి. మార్చినప్పుడు పాత వరస అలాగే ఉండిపోతుంది, కొత్తది ఇంకోచోట రాస్తుంది. అడ్రసు రెండింట్లోనూ ఒకటే, గార్డెన్ రీచ్. ఫోన్ చేస్తే ఆ నంబరు పని చేయడం లేదు.

సాయంత్రం

అంబులెన్సు దొరికింది, దాన్ని బంద్ వాళ్ళు ఆపరు. దా, నేను వెళ్ళాం. దార్లో ఎర్రజెండాలవాళ్ళు లోపలికి తొంగి చూసి వదిలేశారు.

సందు చివర ఇల్లు. తలుపు తీసినావిడ జగ్గమ్మ, పోలిరాజు భార్య. సంగతి చెప్పగానే గుమ్మానికి అడ్డంగా నిలబడింది. ఆ కాగితం వచ్చిన కాడ్నుంచి వీధిలో అందరూ మా ఆయనకేదో రోగమని దూరంగా కూకుంటన్నారు అంది. ఎంతమందికని చెప్పుకోమంటావమ్మా అంది. తర్వాత గొంతు తగ్గించి అడిగింది:

"ఆయన రగతం ఊళ్ళో ఎవులికీ కలవదంట గదా. రేపు క్రేను కాడ ఆయనకే ఏటైనా అయితే ఎవులిత్తారు? సెప్పు తల్లీ."

తెలియదన్నాను. మొగుడు పోయినవాళ్ళకి ఎవరేం ఇచ్చినా లాభముండదని కూడా అనేసినట్టున్నాను. ఎందుకన్నానో తెలియదు. జగ్గమ్మ నా మెడకేసి చూసి గుమ్మం లోంచి పక్కకి తప్పుకుంది.

పోలిరాజు సమ్మె కదా అని ఇంట్లోనే పడుకుని ఉన్నాడు. అంతా విన్నాడు. చొక్కా తొడుక్కుంటూ భార్యతో అన్నాడు:

"ఆ పిల్లదీ నా రగతమే గదే. అది బతికితే నాకదే ఇత్తాది. పద."

అంబులెన్సులో జగ్గమ్మ కూడా ఎక్కింది. ఎవరూ రమ్మనలేదు.

హాస్పిటల్‌లో పోలిరాజు సూది వైపు చూస్తూనే పడుకున్నాడు. దా అయినా ఆపకుండా మాట్లాడుతూనే ఉన్నారు. బెంగాలీలో, ఫుట్‌బాల్ గురించి.

15 డిసెంబర్

ఒక్క బ్యాగుతో సరిపోదని, కానీ ఆపరేషన్ దాకా ఆమెను నిలబెట్టిందని డాక్టరు చెప్పారు. ఇవాళ ఊరి నుంచి ఆమె అన్న దిగాడు. పరీక్ష చేస్తే అతనిదీ అదే గ్రూపు. రెండో బ్యాగు అతనిచ్చాడు. తల్లీ బిడ్డా బాగున్నారు. ఆడపిల్ల.

దా ఈ మాట చెబుతూ ఏడ్చారు. నేను కర్చీఫ్ ఇచ్చాను.

18 డిసెంబర్

కొత్త డిస్క్ కొన్నాం. మొత్తం కాపీ తీశాక బలవంతంగా లేపాను. లేచింది. బతికున్న వరసలన్నీ బయటికి తీసి కొత్త డేటాబేస్‌లో పోశాను. బాలింత పేరూ, ఆమె అన్న పేరూ బొంబాయి గ్రూప్ కింద ఎక్కించాను. ఆమె పేరు పక్కన ఒక ఏడాది దాకా పిలవకూడదని రాశాను. పోలిరాజు ఇప్పుడు ఒక్కసారే ఉన్నాడు. రఘురాం లేడు.

పాత డైరెక్టరీ ఏం చేద్దామని మృత్యుంజయ్ దాను అడిగాను. తీసేద్దామని నేనే అన్నాను. ఆయన వద్దన్నారు. లాగ్ అన్న పేరు చూసి ఒకసారి చెరిపాను, ఇక ఈ జన్మలో ఏదీ చెరపను అన్నారు. నేను మళ్ళీ అడగలేదు.

20 డిసెంబర్

జగ్గమ్మ ఫోన్ చేసింది. ఏమీ పని లేదట. తిన్నావా అంది. తిన్నానన్నాను. ఏటి తిన్నావంది.

24 డిసెంబర్, ఆదివారం

ఎండెక్కేదాకా నిద్రపోయాను. లేచేసరికి ఆకలి. వీధి చివర కొట్టు దగ్గర నిలబడి కచోరీలు, బంగాళాదుంప కూర తిన్నాను. ఇంకో రెండు వేయమన్నాను. కళ్ళవెంట నీళ్ళు కారుతుంటే కూర కారమెక్కువైందా దీదీ అని కొట్టతను కంగారుపడి మంచినీళ్ళిచ్చాడు. అవునన్నాను. ఇంకో రెండు వేయమన్నాను.