ఎర్ర సుద్ద గీత

అమ్మా,

ఫోన్లో నీ గొంతు వింటే ఏడుపొస్తుందని ఉత్తరం రాస్తున్నాను. నాన్న లేనప్పుడు మందుల షాపు పిన్ని చేత చదివించుకో. పిన్నీ, మధ్యలో అయ్యయ్యో అనకండి.

నువ్వు ఒకే మిషను మీద నాలుగు బడుల యూనిఫారాలు కుడతావు కదా, నా పనీ అంతే. ఒకే వ్యవస్థలో ఏడు వెబ్‌సైట్లు నడుపుతాం. కంటి ఆసుపత్రి, కేకుల షాపు, డ్రైవింగ్ స్కూలు... దేని పేరు, రంగు, బొమ్మలు దానివే. అడుగున కొంత భాగం మాత్రం అన్నిటికీ ఉమ్మడి. సోమవారం కంటి ఆసుపత్రి వాళ్ళు 'మరమ్మతుల కోసం వారం రోజులు మూసి ఉంటుంది' అని పెట్టమన్నారు. నేను దాన్ని ఆ ఉమ్మడి భాగంలో రాసేశాను. రెండు గంటలపాటు ఏడు సైట్లలోనూ అదే! కూతురి పెళ్ళికి కేకు చెప్పిన ఒకావిడ ఫోన్లో ఏడ్చేసింది. మేనేజరు గారు అది పక్క సీటు అన్నయ్య పనే అనుకుని అతన్ని అందరి ముందూ తిట్టారు. నేను నోరు విప్పలేదమ్మా. ఇంట్లో మొదట చదువుకున్నది నేనే, నాకే చేతకాలేదంటే నిన్ను ఎంతమంది ఎన్ని మాటలంటారోనని భయం. నెలాఖరుకి మానేస్తాను. వచ్చి నీ పక్కన గుండీలు కుట్టుకుంటాను.

నీ పిచ్చుక

అమ్మా,

"గుండీలా? నువ్వు కుట్టింది రెండో ఉతుక్కే ఊడుతుందే!" అని ఫోన్లో నువ్వు పెట్టిన చీవాట్లు ఇంకా చెవుల్లోనే ఉన్నాయి. నేను పుట్టకముందు నలభై చొక్కాలకి వేరే బడి బ్యాడ్జీలు కుట్టేశావనీ, నువ్వే వెళ్ళి ఒప్పుకున్నావనీ, అప్పట్నుంచే బట్ట మీద బడికో రంగు సుద్దతో గీత గీస్తున్నావనీ ఇన్నాళ్ళూ నాకు తెలీదు. అక్షరాలు రాక గీస్తున్నావనుకున్నాను. క్షమించు.

మర్నాడే మేనేజరు గారికి చెప్పేశాను. ఆయన నవ్వారు. "ఎవరు ఏం మార్చారో సిస్టమ్‌లో పేరుతో సహా ఉంటుందమ్మా. ఆ సాయంత్రమే చూశాను. మీ అన్నయ్యకి సారీ కూడా చెప్పాను. 'తనే వచ్చి చెప్తుంది, అడక్కండి' అన్నాడతను." అన్నయ్యేమో, "తొమ్మిది రోజులు పట్టిందేం తల్లీ!" అన్నాడు.

ఇప్పుడు మేం ఏదైనా మార్చడానికి ఒక్కో సైటు తెరిస్తే పైన ఒక్కో రంగు గీత కనిపించేలా చేశాను. ఉమ్మడి భాగానికి ఎరుపు. ఆఫీసులో దాన్ని 'అమ్మ గీత' అంటున్నారు. చూసుకోకుండా ఎవరైనా అక్కడ చెయ్యి పెట్టబోతే, "అమ్మకి చెప్తాం!" అని బెదిరిస్తున్నారు.

గుండీలు నువ్వే కుట్టుకో. నేను రావడం లేదు.

నీ పిచ్చుక