మంగళవారం అడిగిన మాఫీ

ఆళ్లగడ్డ, మంగళవారం రాత్రి.

నా తల మీద పొక్కులు మస్తాన్ కత్తి వల్లనే వచ్చాయని నెల రోజులుగా టీ అంగట్లో కూర్చుని అందరికీ చెప్పాను. ముప్పై ఏళ్ళుగా నాకు క్షవరం చేస్తున్నవాడని కూడా చూడలేదు. నా మాట విని కొందరు అతని కొట్టుకు పోవడం మానేశారు.

నిన్న నంద్యాలలో చర్మం డాక్టరమ్మ నా గుండు చూసి, "నున్నగా రావాలని వెంట్రుకలకు ఎదురు కత్తి పెట్టించుకుంటాండారా? పైన ఆముదం పూసి, టోపీ పెట్టి, గోళ్ళతో గీరుతాండారా?" అని అడిగింది. అన్నీ నేను చేసినవే. ఎదురు కత్తి వద్దని మస్తాన్ ప్రతిసారీ చెప్పేవాడు. నేనే కసిరి పెట్టించుకున్నాను. ఇన్ని పుస్తకాలు చదివి ఏం లాభం?

మంగళవారం క్షవరం కొట్లకు సెలవు. ఎవరూ చూడరని ఈ సాయంత్రం అతని ఇంటికే వెళ్ళి తప్పు ఒప్పుకున్నాను. మస్తాన్ గోరువెచ్చని నీళ్ళలో గుడ్డ ముంచి, పిండి, నా తల మీద పరిచాడు.

"నిందేమో అంగట్లో ఏస్తివి. మాఫీ మాత్రం తలుపేసుకొని అడుగుతాండావు. ఎవురికి తెలుస్తాది సార్?"

"ఏం చేయమంటావు?"

"రేపొచ్చి నా కుర్చీలో కూకో. కత్తి వద్దు, మిషన్ పెడతా. మాట్లాడేది నీ పని."

గెంటేస్తాడనుకున్నాను, కుర్చీ చూపించాడు. ఈ ఊళ్ళో నేను క్షమించనివాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళలో ఒక్కరికీ నేను ఇలా కుర్చీ చూపించలేదు.

పొద్దున ఆరింటికి వెళ్తే కొట్టు ఖాళీగా ఉంటుంది. బెంచీ నిండాక, పదింటికి వెళ్తాను.